పగడాలను బతికించిన చేతులు

పగడం అనగానే మన ఆడవాళ్లకు ముందు గుర్తొచ్చేది సముద్రం కాదు, మెడ. నల్లపూసల మధ్య గుచ్చిన పగడాలు, పాత ఫోటోల్లో ముత్తవ్వల మెడల్లో కనిపించే పవడాల పేర్లు, జాతకం చూసి వేలికి పెట్టించే ఉంగరం. కవులకైతే పెదవులు. 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనంలో సముద్ర వర్తకుల దగ్గర తీసుకునే సుంకాల పట్టిక ఉంది. కర్పూరం, ముత్యాలు, పట్టునూలుతో పాటు పగడం కూడా అందులో ఉంది. అంటే దాదాపు ఎనిమిది వందల ఏళ్లుగా పగడం మనకు సరుకుగా తెలుసు, నగగా తెలుసు. ప్రాణిగా మాత్రం పరిచయం తక్కువ.

అందుకు కారణం మన తీరంలోనే ఉంది. నగల్లో పొదిగే ఎర్ర పగడం ప్రధానంగా మధ్యధరా సముద్రం నుంచి వచ్చింది. అది దిబ్బలు కట్టదు. దిబ్బలు కట్టే పగడాలు వేరే జాతులు. వాటికి తేటగా, వెచ్చగా, లోతు తక్కువగా ఉండే ఉప్పునీళ్లు కావాలి. గోదావరీ కృష్ణా ఏటా ఒండ్రునీ మంచినీళ్లనీ తెచ్చి పోసే మన తీరంలో అవి పెద్ద దిబ్బలు కట్టలేవు. మన దేశంలో పగడపు దిబ్బలు చూడాలంటే లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవులకో, కచ్ సింధుశాఖకో, తమిళనాడు దక్షిణ తీరంలోని మన్నార్ సింధుశాఖకో పోవాలి.

దిబ్బ కట్టే ఒక్కొక్క జీవి, శాస్త్రవేత్తలు పాలిప్ అనేది, చాలా జాతుల్లో బియ్యపు గింజంత కూడా ఉండదు. మెత్తటి చిన్న సంచి, నోటి చుట్టూ మీసాల్లాంటి స్పర్శకాలు. అది తన కింద సున్నపు గూడు కట్టుకుంటూ పోతుంది. లక్షలాది గూళ్లు వేల ఏళ్లపాటు పేరుకుంటే దిబ్బ అవుతుంది. ఆ జీవి ఒంట్లోనే కంటికి కనిపించని నాచు కాపురముంటుంది. ఎండను పట్టి తిండి వండి పెట్టేది ఆ నాచే. పగడానికి రంగు కూడా చాలావరకు దానివల్లే. నీళ్లు మామూలు వేసవి వేడి కన్నా ఒక్క డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలు అలాగే ఉంటే ఈ సహజీవనం చెడిపోతుంది. నాచు బయటికి పోతుంది, పగడం తెల్లబారుతుంది. వెంటనే చావదు, పస్తులుంటుంది. వేడి త్వరగా తగ్గితే కోలుకుంటుంది, తగ్గకపోతే పోతుంది. సముద్రగర్భంలో ఒక శాతం కన్నా తక్కువ జాగాలో ఉన్న ఈ దిబ్బల మీద సముద్ర జీవజాతుల్లో దాదాపు నాలుగో వంతు తమ జీవితంలో ఏదో ఒక దశలో ఆధారపడతాయి.

చరిత్ర పాఠాలు చెప్పుకునే నన్ను ఇటువైపు మళ్లించింది ఒక సిఫారసు ఉత్తరం. మా కాలేజీలో జువాలజీ చదివిన ఒక అమ్మాయి పగడపు దిబ్బల పునరుద్ధరణ పనికి దరఖాస్తు పెట్టుకుంటూ నా దగ్గరికొచ్చింది. ఆమె తెచ్చిన కాగితాల్లో రకరకాల వార్తలున్నాయి. ఫలానా దేశంలో ఇన్ని పగడపు మొక్కలు నాటారు, ఫలానా చోట వేడిని తట్టుకునే పగడాలను పెంచుతున్నారు. వార్తల కిందే అవకాశాలు. వాలంటీర్లు కావాలి, ఇంటర్న్‌లు కావాలి. చాలావాటిల్లో జీతం లేదు. విమానం టికెట్టు, డైవింగ్ సర్టిఫికెట్టు, తిండి ఖర్చు ఎవరివి వారే పెట్టుకోవాలి. మరి చేయాల్సిన పని? నీళ్లలో తాళ్లకు వేలాడదీసిన పగడపు ముక్కల మీద నాచు పట్టకుండా రోజూ బ్రష్షుతో తోమడం, వాటిని కొరికే నత్తల్ని ఏరేయడం, ఎన్ని బతికాయో ఎన్ని పోయాయో లెక్క రాయడం.

తోమడం, ఏరడం, కాపాడటం, లెక్క రాయడం. ఈ మాటలు మనకు కొత్తవా? ఉత్తరం రాసిచ్చాను. కానీ పగడాలను చేత్తో బతికించే ఈ పని చరిత్రలో ఎవరెవరు చేశారో చూడాలనిపించింది. చూసినకొద్దీ ఆడవాళ్లు కనిపిస్తూ వచ్చారు. కొందరికి పేర్లున్నాయి, కొందరికి లేవు.

మొదట లండన్‌లో ఒక ఇల్లు. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో పెద్ద మతాధికారి భార్య ఆనా థిన్. 1846లో ఆమె టార్కీ తీరానికి వెళ్లినప్పుడు అక్కడి రాళ్లమీద మాడ్రిపోర్లు కనబడ్డాయి. ఇవి ఇంగ్లండు చల్లటి నీళ్లలోనూ బతికే చిన్న రాతి పగడాలు, దిబ్బలు కట్టనివి. వాటిని ప్రాణంతో ఇంటికి తీసుకుపోవాలనుకుంది. అన్నివైపులా నీళ్లు తగలాలని సూదీదారంతో ఒక పెద్ద స్పాంజికి కుట్టి, జాడీలో పెట్టి లండన్ తెచ్చింది. సైన్సుకు పనికొచ్చిన కుట్టుపని అది. తీరం నుంచి అస్తమానం ఉప్పునీళ్లు తెప్పించడం కుదరదు కనుక, ఉన్న నీళ్లకే గాలి తగిలేలా తెరిచిన కిటికీ ముందు ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి పోయించేది. ఒక్కో విడత అరగంట నుంచి ముప్పావు గంట. ఆ తర్వాత నీళ్లలో సముద్రపు నాచు పెంచి, మొక్కకూ జీవికీ మధ్య సమతూకం కుదిర్చింది. ఫిలిప్ గాస్ 1854లో 'అక్వేరియం' మీద పుస్తకం రాసి ఆ మాటను జనంలోకి తీసుకురావడానికి ఏళ్ల ముందే ఆమె ఇంట్లో సముద్రం నిలబడింది. మాడ్రిపోర్లు ఎలా పెరుగుతాయో, ఎలా పిల్లలు పెడతాయో తాను చూసిందంతా రాస్తే 1859లో ఒక శాస్త్ర పత్రికలో గాస్ వ్యాఖ్యలతో కలిపి అచ్చయింది.

నీళ్లు పోయించేది అన్నాను. పోసింది ఎవరు? ఆ ఇంటి పనిపిల్ల. అది అలసట పనేననీ, అయితే ఆ పిల్ల దాన్ని సరదాగానే తీసుకుందనీ ఆనా థిన్ తన వ్యాసంలో చెబుతుంది. పనిపిల్లకు అది నిజంగా సరదాగా ఉండేదా అన్నది యజమానురాలి కలం చెప్పగలిగే సంగతేనా? స్త్రీల శాస్త్ర కృషిని చరిత్ర మరుగున పడేసిందని మనం ఆనా థిన్ గురించి చెప్పుకుంటాం. ఆ కృషి లోపల ఇంకో స్త్రీ శ్రమ మరుగున పడి ఉంది. ఒకరిని వెలికి తీసి రెండోవారిని వదిలేస్తే మన పని సగంలోనే ఆగిపోయినట్టు.

ఇంకో ఎనభై ఏళ్లకు ఆస్ట్రేలియాలో గ్రేట్ బారియర్ రీఫ్ మీద మొదటి పెద్ద శాస్త్ర పరిశోధన జరిగింది. 1928, 29ల్లో మారిస్ యంగ్ నాయకత్వంలో బ్రిటన్ నుంచి వెళ్లిన బృందం లో ఐల్స్ అనే చిన్న దీవుల మీద ఏడాది పాటు ఉండి పనిచేసింది. ఆ కాలానికి ఆశ్చర్యమనిపించేలా అందులో ఆడవాళ్లు బాగానే ఉన్నారు. నాయకుడి భార్య మాటీ యంగ్ బృందానికి డాక్టరు. షీనా మార్షల్ నీళ్లలోని సూక్ష్మ వృక్షాల మీద పనిచేసింది. ఆన్ స్టీఫెన్సన్ భర్తతో కలిసి పగడాల పునరుత్పత్తిని పరిశీలించింది. సిడ్నీ మాంటన్ దిబ్బ మీద ఎక్కడ ఏ పగడం ఉందో అడుగడుగునా కొలిచి పటాలు గీసింది. వీళ్లందరికీ వంటావార్పూ, ఇంటి పనులూ చేయడానికి యారబా మిషన్ నుంచి ఆదివాసీ దంపతులను తీసుకొచ్చారు. ఆ తీరం, ఆ సముద్రం వేల ఏళ్లుగా ఆదివాసులవి. పరిశోధకుల దీవిలో వాళ్లకు దొరికిన చోటు మాత్రం వంటిల్లు.

మాంటన్ గీసిన పటాల విలువ తొంభై ఏళ్లకు బాగా తెలిసింది. 2019లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం శాస్త్రవేత్తలు మళ్లీ లో ఐల్స్‌కు వెళ్లి, 1928, 29 నాటి కొలతలతో పోల్చి చూశారు. పగడాల వైవిధ్యం బాగా తగ్గిపోయిందని తేలింది. ఆ పాత పటం లేకపోతే ఏం పోయిందో కూడా తెలిసేది కాదు. పునరుద్ధరణ అంటున్నాం, దేన్ని మళ్లీ నిలబెట్టాలో చెప్పగలిగేది ఇలాంటి ఓపికైన లెక్కే. మాంటన్ తర్వాత కాలంలో కాళ్లూ చర్మాలూ కీళ్లుగా విడిపోయిన జీవుల మీద పెద్ద పేరు తెచ్చుకుని 1948లో రాయల్ సొసైటీ ఫెలో అయింది. వృక్షశాస్త్రవేత్త అయిన ఆమె చెల్లెలు ఐరీన్ 1961లో అయింది.

గ్రేట్ బారియర్ రీఫ్ ఇవాళ మనకు మిగిలి ఉందంటే అందులో ఒక కవయిత్రి పాత్ర చాలా ఉంది. జూడిత్ రైట్ (1915-2000) ఆస్ట్రేలియా ఆధునిక కవిత్వంలో ముఖ్యమైన పేరు. 1962లో మిత్రులతో కలిసి క్వీన్స్‌లాండ్‌లో వన్యప్రాణి సంరక్షణ సంఘం పెట్టి చాలా ఏళ్లు అధ్యక్షురాలిగా ఉంది. 1967లో ఎలిసన్ రీఫ్ అనే దిబ్బను సున్నం కోసం తవ్వుకుంటామని దరఖాస్తు వచ్చింది. చెరుకు తోటలకు సున్నం కావాలి. దిబ్బ ఎలాగూ చచ్చిపోయింది కదా, తవ్వితే నష్టమేమిటన్నది దరఖాస్తుదారు వాదం. రైట్, చిత్రకారుడు జాన్ బుస్ట్, అడవుల శాస్త్రవేత్త లెన్ వెబ్ దాన్ని ఎదిరించారు. యూనివర్సిటీ విద్యార్థులు నీళ్లలో దిగి ఆ 'చచ్చిన' దిబ్బ మీద ఎన్ని ప్రాణులున్నాయో లెక్క రాసి తెచ్చారు. తవ్వకానికి అనుమతి రాలేదు.

కానీ అసలు పోరాటం అప్పుడే మొదలైంది. దిబ్బల ప్రాంతంలో చాలా భాగాన్ని అప్పటికే చమురు వెతుక్కోవడానికి కంపెనీలకు లీజుకిచ్చేశారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఉత్తరాలు, కరపత్రాలు, సంతకాలు, సమావేశాలు, చందాలు. 1970లో కార్మిక సంఘాలు డ్రిల్లింగు ఓడకు పనిచేయబోమని బహిష్కరించడంతో గాలి మళ్లింది. 1975లో గ్రేట్ బారియర్ రీఫ్ మెరైన్ పార్క్ చట్టం వచ్చింది. 1981లో అది ప్రపంచ వారసత్వ సంపద అయింది. ఈ కథనంతా రైట్ 1977లో 'ది కోరల్ బాటిల్‌గ్రౌండ్' అనే పుస్తకంగా రాసింది. చట్టాలు ప్రభుత్వాల పేరుతో చరిత్రకెక్కుతాయి. వాటి వెనుక ఉత్తరాలు రాసినవాళ్లు, సమావేశాలకు తిరిగినవాళ్లు మరుగున పడకూడదనే ఆ పుస్తకం. కవిత్వం రాసుకోవాల్సిన ఏళ్లు మినిట్స్ రాయడానికి పోయాయా అని నాకు మొదట అనిపించింది. స్త్రీవాద ఉద్యమంలో తిరిగిన మనలో చాలామందికి తెలిసిన సంకటమే ఇది. చదివాక మాత్రం ఆ మినిట్స్ కూడా రచనే అనిపించింది. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' కూడా మనకు నేర్పింది అదే కదా. తుపాకి పట్టినవాళ్లే కాదు, చీటీలు మోసినవాళ్లు, రహస్య స్థావరాల్లో అన్నం వండినవాళ్లు కూడా పోరాటం చేసినవాళ్లేనని.

పగడాలను మళ్లీ నాటడమనే ఆలోచన ఆ తర్వాత వచ్చింది. దానికి రెండు దారులున్నాయి. ఒకటి గుడ్ల దారి. గ్రేట్ బారియర్ రీఫ్‌లో ఏడాదికొకసారి, వసంతం చివర్లో పౌర్ణమి దాటిన కొన్ని రాత్రుల్లో, ఎన్నో జాతుల పగడాలు ఒక్కుమ్మడిగా అండాలు, శుక్రకణాలు వదులుతాయని 1980ల మొదట్లో కొందరు యువ పరిశోధకులు కనిపెట్టారు. వాళ్లలో కార్డెన్ వాలెస్, బెట్ విల్లిస్ అనే స్త్రీలున్నారు. 1984లో 'సైన్స్' పత్రికలో అచ్చయిన ఆ వ్యాసమే, ఇవాళ ఆ గుడ్లను సేకరించి తొట్లలో లార్వాలు పెంచి చచ్చిపోతున్న దిబ్బల మీద చల్లే పద్ధతికి మూలం.

రెండోది ముక్కల దారి. కొమ్మలు కొమ్మలుగా పెరిగే పగడాన్ని ముక్కలు చేస్తే ఒక్కో ముక్కా మళ్లీ పెరుగుతుంది. 1995లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్త బరూక్ రింకెవిచ్ దీన్ని తోటపనితో పోల్చి ఒక పద్ధతిగా ప్రతిపాదించాడు. ముందు ముక్కల్ని నీళ్లలోనే ఒక నర్సరీలో పెంచాలి, తర్వాత తెచ్చి దిబ్బమీద నాటాలి. మనకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. నారుమడి, నాట్లు. మోకాలి లోతు బురదలో నడుము వంచి నాట్లు వేసేది ఎవరో, మగవాళ్ల కన్నా తక్కువ కూలి ఎవరికి పడుతుందో కూడా మనకు తెలుసు. పంట లెక్కలో ఆ నడుము కనిపించదు.

నారుమడి పద్ధతికి చాలామంది చూపించే ఉదాహరణ మధ్య అమెరికాలోని బెలీజ్. 2001లో ఐరిస్ తుఫాను లాఫింగ్ బర్డ్ కే అనే చిన్న దీవి చుట్టూ ఉన్న దిబ్బల్ని ధ్వంసం చేసింది. అక్కడ పనిచేసే జీవశాస్త్రవేత్త లీసా కార్న్ 2006 నుంచి పగడపు ముక్కలు నాటడం మొదలుపెట్టింది. 2013లో 'ఫ్రాగ్మెంట్స్ ఆఫ్ హోప్' అనే సంస్థ పెట్టి స్థానిక జాలరులకు, టూరిస్టు గైడ్లకు ఈ పని నేర్పింది. పదేళ్లలో అక్కడ పగడాలు మళ్లీ దట్టంగా పెరిగాయి. ఈ విజయం నిజమైనది. అయితే బెలీజ్ కథలో ఇంకో భాగం ఉంది, అది నాట్ల వార్తల్లో అంతగా కనిపించదు. ఆ దేశపు దిబ్బలను యునెస్కో 2009లో ప్రమాదంలో ఉన్న వారసత్వ సంపదల జాబితాలో చేర్చింది. 2018లో అందులోంచి తీసేసింది. తీసేయడానికి చెప్పిన ముఖ్య కారణాలు సముద్రంలో చమురు తవ్వకాన్ని నిలిపివేస్తూ ఆ దేశం చేసిన చట్టం, మడ అడవులను కాపాడే నిబంధనలు. ఆ చట్టం వెనుక ఏళ్ల ఆందోళన ఉంది. 2012లో ప్రజలే సొంతంగా రెఫరెండం పెట్టుకున్నారు. దాన్ని నడిపించిన ఓషియానా సంస్థకు అప్పుడు ఆడ్రీ మటురా, తర్వాత జనెల్ చనోనా నాయకత్వం వహించారు. ఒక స్త్రీ నీళ్లలో ముక్కలు నాటుతుంటే, ఇంకొందరు ఒడ్డున చమురు కంపెనీలను ఆపుతున్నారు. రెండోది లేకపోతే మొదటిది ఎన్నాళ్లు నిలిచేది?

వేడి సంగతి చమురు తవ్వకం కన్నా పెద్దది. ఒక దేశం చట్టం చేసి ఆపగలిగేది కాదు. అందుకే రూత్ గేట్స్ (1962-2018) ఇంకో దారి వెతికింది. హవాయి సముద్ర జీవశాస్త్ర సంస్థకు డైరెక్టర్‌గా, అంతర్జాతీయ దిబ్బల అధ్యయన సంఘానికి మొదటి మహిళా అధ్యక్షురాలిగా పనిచేసిన ఆమె, ఆస్ట్రేలియాలో పనిచేసే మడలీన్ వాన్ ఓపెన్‌తో కలిసి 2015లో ఒక ప్రతిపాదన చేసింది. వేడిని బాగా తట్టుకునే పగడాలను ఎంచి, వాటిని కలిపి, వాటిలోని నాచుతో సహా తీర్చిదిద్ది, ప్రకృతిలో చాలా కాలం పట్టే పరిణామాన్ని తొందరపెట్టవచ్చా అని. ప్రకృతితో ఇంత జోక్యం తగునా అని చాలామంది ప్రశ్నించారు. చేయి ముడుచుకుని చూడటం కూడా ఒక నిర్ణయమే కదా అన్నది ఆమె వైపు వాదం. యాభై ఆరేళ్లకే పోయింది. ఆమె మొదలుపెట్టిన పని ఇప్పుడు చాలా దేశాల్లో జరుగుతోంది.

ఇక మన దగ్గరికి వస్తే, మన్నార్ సింధుశాఖలో 21 దీవుల చుట్టూ దిబ్బలున్నాయి. సున్నానికి, ఇళ్ల కట్టడానికి అక్కడ పగడాలను ఎన్నో ఏళ్లు తవ్వుకుపోయారు. రెండు దీవులు నీట మునిగిపోయాయి. 1986లో జాతీయ పార్కు అయింది. 2001లో దిబ్బలు కట్టే పగడాలను వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. 2002 నుంచి తూత్తుకుడిలోని సుగంధి దేవదాసన్ సముద్ర పరిశోధన సంస్థ పగడాలను తిరిగి నాటుతోంది. 2016 వేసవిలో నీళ్లు వేడెక్కి ఆ దిబ్బల మీద బతికున్న పగడాలు సుమారు 39 శాతం నుంచి 23 శాతానికి పడిపోయాయని ఆ సంస్థ పరిశోధకులే లెక్కగట్టారు.

ఆ నీళ్లలోనే తరతరాలుగా నాచు ఏరే ఆడవాళ్లున్నారు. రామనాథపురం జిల్లా పల్లెల నుంచి పడవల్లో వెళ్లి, ఆక్సిజన్ సిలిండర్లు లేకుండా ఊపిరి బిగబట్టి మునుగుతారు. వేళ్లు కోసుకుపోకుండా గుడ్డ పేలికలు చుట్టుకుంటారు. వాళ్లు తెచ్చే మరికొళుందు అనే నాచు నుంచి అగార్ తయారవుతుంది. జాతీయ పార్కు వచ్చాక దీవుల దగ్గరికి పోవడం నేరమైంది. పగడాలను బళ్లకొద్దీ తవ్వించినవారి సంగతి అలా ఉంచి, గుప్పిట్లో నాచు తెచ్చుకునే ఆడవాళ్లు తమ సముద్రంలోనే దొంగలయ్యారు. వాళ్లు సంఘం కట్టుకున్నారు. నెలలో కొన్ని రోజులే ఏరాలని, నాచు మళ్లీ మొలిచే కాలంలో ఆపేయాలని, ఇనప పనిముట్లు వాడకూడదని తమకు తామే కట్టుబాట్లు పెట్టుకున్నారు. 2015లో వాళ్ల నాయకురాలికి సీకాలజీ అనే అంతర్జాతీయ సంస్థ బహుమతి ఇచ్చింది.

ఈ ఆడవాళ్ల దగ్గరికి కూడా ఒక 'అవకాశం' వచ్చింది. ఫిలిప్పీన్స్‌కు చెందిన కప్పాఫైకస్ అనే నాచును వెదురు తెప్పల మీద పెంచే పని. 2000 తర్వాత స్వయం సహాయక బృందాల ద్వారా, బ్యాంకు రుణాలతో, కంపెనీ కొనుగోలు ఒప్పందాలతో మండపం తీరంలో అది వ్యాపించింది. ఆడవాళ్ల చేతికి కొంత డబ్బు వచ్చింది, అది చిన్న సంగతి కాదు. కానీ ఆ నాచు తెప్పలు దాటి కురుసడై దీవి దగ్గర పగడాల మీదికి ఎక్కి వాటిని కప్పేస్తోందని 2008లో పరిశోధకులు బయటపెట్టారు. తర్వాత దాన్ని చేత్తో పీకేసే పని మొదలైంది. ఏ నాచు తేవాలో, ఎక్కడ పెంచాలో నిర్ణయించినప్పుడు ఆ నీళ్లను అందరికన్నా బాగా ఎరిగిన నాచు ఏరే ఆడవాళ్లు బల్ల దగ్గర లేరు. బృందంలో సభ్యత్వం ఇచ్చారు, నిర్ణయంలో చోటివ్వలేదు. మన జిల్లాల్లో పొదుపు సంఘాలను దగ్గరగా చూసినవారికి ఈ తేడా తెలుసు.

ఇప్పుడు తాజా పరిస్థితి చూద్దాం. 2023 వేసవిలో అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో నీళ్లు ఎన్నడూ లేనంత వేడెక్కాయి. దశాబ్దాలుగా నారుమళ్లలో పెంచి నాటిన పగడాలు వారాల్లో చచ్చిపోయాయి. మిగిలినవాటిని మనుషులు గబగబా నీళ్లలోంచి తీసి, బకెట్లలో మోసి, ఒడ్డున తొట్లలో పెట్టి బతికించుకున్నారు. నూట డెబ్భై ఏడేళ్ల తర్వాత ఆనా థిన్ ఇంటి తొట్టి దగ్గరికే తిరిగొచ్చామా అనిపించింది. 2025 అక్టోబరులో 'సైన్స్' పత్రికలో వచ్చిన అధ్యయనం, ఫ్లోరిడా దిబ్బల్ని కట్టిన రెండు ముఖ్యమైన కొమ్మ పగడపు జాతులు అక్కడ ఇక దిబ్బకు పనికొచ్చే సంఖ్యలో లేవని తేల్చింది. ప్రపంచవ్యాప్తంగా పగడాలు తెల్లబారడం నాలుగోసారి మొదలైందని 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు. మరుసటి ఏడాది ఏప్రిల్ నాటికి ప్రపంచంలోని దిబ్బల ప్రాంతంలో 84 శాతాన్ని ఆ వేడి తాకింది.

పునరుద్ధరణ వృథా అని నేననను. వేడి తగ్గే రోజు వచ్చేసరికి విత్తనంగానైనా కొన్ని బతికి ఉండాలి. కానీ దాని గురించి వచ్చే వార్తల్లో నాటిన ముక్కల సంఖ్యే పెద్దక్షరాల్లో ఉంటుంది. లీసా బోస్ట్రోమ్ ఐనార్సన్, సహ పరిశోధకులు 2020లో వందలాది పునరుద్ధరణ పనుల్ని సమీక్షిస్తే, 60 శాతం వాటిని ఏడాదిన్నర కూడా గమనించలేదని తేలింది. నాటిన రోజు ఫోటోలుంటాయి. తర్వాత రోజూ తోమేదానికి, లెక్క రాసేదానికి డబ్బుండదు, పేరుండదు. పుట్టినరోజు వేడుక అందరిదీ, పెంపకం ఒక్కదానిదీ అయిన ఇళ్లలాగే ఉంది ఇది కూడా.

ఇంటి చాకిరి గురించి మనం ముప్పై నలభై ఏళ్లుగా మాట్లాడుతున్నాం. ఆ చర్చ మనకు రెండు సంగతులు నేర్పింది. బతికించే పనికి లెక్క ఉండాలి, కూలి ఉండాలి, పేరుండాలి. అంతకన్నా ముందు, ఒకరు మురికి చేస్తూ పోతుంటే ఇంకొకరు జీవితమంతా కడుగుతూ కూర్చోవడాన్ని సేవ అని పొగిడి ఊరుకోకూడదు. సముద్రానికీ ఇవే వర్తిస్తాయి. జీతం లేని పని పెట్టి, ఖర్చులు భరించగలిగిన ఇళ్ల పిల్లలకే దొరికేలా చేస్తే, మత్స్యకార పల్లెల అమ్మాయిలు తమ నీళ్ల గురించిన సైన్సుకు బయటే ఉండిపోతారు. వాళ్లకు డైవింగ్ శిక్షణ, స్టైపెండు, నివేదికలో రచయితలుగా చోటు ఇవ్వడం పెద్ద ఖర్చేమీ కాదు. బొగ్గు, చమురు మండిస్తూ సముద్రాన్ని వేడెక్కించేవాళ్లే నాట్లకు విరాళాలిచ్చి ఫోటో దిగితే, ఆ ఫోటోను జూడిత్ రైట్ చదివినట్టు చదవాలి. దిబ్బ చచ్చిపోయిందని ఎవరు చెబుతున్నారు, చచ్చిపోతే లాభం ఎవరికి అని అడగాలి.

ఈ పనిలోకి వెళ్లే మన అమ్మాయిలు, ఈ విషయం మీద పరిశోధన చేసే మన మిత్రులు ఇంకో పని కూడా చేయాలని నా కోరిక. ఎన్ని ముక్కలు నాటామో రాసే పుస్తకంలోనే ఎవరు నాటారో, ఎవరు తోమారో, ఎవరు పడవ నడిపారో, ఎవరు వండిపెట్టారో రాయండి. మాంటన్ పటం తొంభై ఏళ్ల తర్వాత పనికొచ్చినట్టు ఆ రాతలూ పనికొస్తాయి. కిటికీ దగ్గర నిలబడి రెండు పాత్రల మధ్య సముద్రాన్ని అటూ ఇటూ పోసిన ఆ పనిపిల్ల పేరు 1859 నాటి వ్యాసంలో లేదు. ఇప్పుడు రాసేవాటిలోనైనా ఆ వరస ఖాళీగా ఉండకూడదు.